చౌక దేశమా, చౌక ట్రిప్పా?

విదేశీ ట్రిప్పు అని అడగ్గానే హైదరాబాద్‌లో ట్రావెల్ ఏజెంట్లు ఒకప్పుడు సింగపూర్, దుబాయ్, బ్యాంకాక్ బ్రోషర్లు ముందు పెట్టేవాళ్ళు. చేతిలో డబ్బు ఇంకాస్త ఆడేవాళ్ళకు పారిస్, స్విట్జర్లాండ్. ఇప్పుడు అన్నిటికంటే ముందు వియత్నాం పేరు వినిపిస్తోంది. 2025లో హైదరాబాద్ నుంచి హనోయికి, హో చి మిన్ సిటీకి నేరుగా విమానాలు మొదలయ్యాక ఆ పేరు మరీ మోగిపోతోంది. అక్కడ గది చౌక, తిండి చౌక, ట్యాక్సీ చౌక అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అలాంటి చౌక దేశానికి వెళ్ళొచ్చిన కుటుంబం తీరిగ్గా లెక్క చూసుకుంటే, సింగపూర్ వెళ్ళొచ్చిన పక్కింటివాళ్ళకు అయినంతే తమకూ అయిందని తేలడం కూడా తరచూ జరిగేదే. దేశం చౌకగా ఉండటం వేరు, ట్రిప్పు చౌకగా ముగియడం వేరు.

ట్రిప్పు ఖర్చులో పెద్ద వాటా ఇల్లు కదలకముందే అయిపోతుంది. విమానం టికెట్లు, వీసా, ఇన్సూరెన్సు అన్నీ అందులోవే. రెండు రోజులున్నా ఇరవై రోజులున్నా అది మారదు. ఆ తర్వాత రోజువారీ ఖర్చు: గది, తిండి, తిరుగుడు. ఆపైన చూడబోయే వాటి టికెట్లు. ‘చౌక దేశం’ అన్నప్పుడు మనం మాట్లాడుతున్నది రోజువారీ ఖర్చు గురించే. మూడు రోజుల ట్రిప్పులో ఆ ఖర్చు మొత్తంలో చిన్న భాగం, పది రోజుల ట్రిప్పులో పెద్ద భాగం. కాబట్టి ఏ దేశం అన్న ప్రశ్నకంటే ముందు ఎన్ని రోజులు అన్న ప్రశ్నకు జవాబు తేలాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. దేశం ముందు ఖాయమైపోతుంది, సెలవు ఎన్ని రోజులు దొరుకుతుందన్నది తర్వాత చూసుకుంటారు.

ముందే అయిపోయే ఖర్చులో వీసాను తక్కువ అంచనా వేయడం మనకు అలవాటు. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకు 45. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో భార్యాభర్తలకూ ఇద్దరు పిల్లలకూ కలిపి ఫీజే 27 వేలు దాటుతుంది. దరఖాస్తు తీసుకునే కేంద్రం సర్వీస్ ఛార్జి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఇన్సూరెన్సు తప్పనిసరి. బ్రిటన్ విజిటర్ వీసా 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లయింది. అమెరికా టూరిస్టు వీసా దరఖాస్తు రుసుము 2023 నుంచి 185 డాలర్లు. ఇవన్నీ దరఖాస్తు పెట్టుకున్నందుకు కట్టేవి, వీసా వచ్చినందుకు కాదు. వీసా రాకపోతే డబ్బు తిరిగి రాదు. 2024లో మన దేశం నుంచి వెళ్ళిన షెంజెన్ దరఖాస్తుల్లో సుమారు 15 శాతం తిరస్కరణకు గురయ్యాయి. నలుగురి కుటుంబంలో ఒక్కరికి రాకపోయినా మిగతా ముగ్గురి టికెట్లు గాల్లో వేలాడతాయి. ఆ టెన్షన్ ఏ లెక్కల పట్టీలోనూ ఎక్కదు గానీ, ఖరీదైన నగరాల ధరలో అదీ ఒక భాగమే.

వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్ళకూ ఈ-వీసా ఇస్తోంది. 90 రోజుల దాకా ఉండొచ్చు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు వచ్చిపోయేందుకు 50. మలేసియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజులు వీసా లేకుండానే రానిస్తోంది, ఈ వెసులుబాటు 2026 చివరిదాకా ఉంది. థాయ్‌లాండ్ 2023 నవంబరులో వీసా తీసేసి 30 రోజులిచ్చింది, 2024 జులైలో దాన్ని 60 రోజులు చేసింది. ఇలాంటి గడువులు ప్రభుత్వాలు ఎప్పుడైనా మార్చేస్తాయి కాబట్టి టికెట్టు కొనే రోజున మళ్ళీ ఒకసారి చూసుకోవాల్సిందే. థాయ్‌లాండ్, మలేసియాలు రెండింటికీ ఇప్పుడు బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితమే. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదన్నమాట.

వీసా అక్కర్లేదంటే ప్రశ్నలు ఉండవని కాదు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, చేతిలో డబ్బు చూపించమని దిగిన చోట అడగొచ్చు, అడుగుతారు కూడా. ఇక్కడ శంషాబాద్‌లోనూ అడుగుతారు. ఉద్యోగమని చెప్పి తెలుగు కుర్రాళ్ళను కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఒంటరిగా టూరిస్టుగా ఆ వైపు వెళ్ళే పాతికేళ్ళవాణ్ని ఇమ్మిగ్రేషన్ అధికారి నాలుగు ప్రశ్నలు ఎక్కువ వేస్తే అందులో ఆశ్చర్యం లేదు.

ఈ-వీసా ఫారంలో మనవాళ్ళకు తగిలే చిక్కు పేరు దగ్గర. తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటుంది. కొందరికి తండ్రి పేరు మధ్యలో దూరుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా ఫారంలోనూ, విమానం టికెట్టులోనూ అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వస్తే చెకిన్ కౌంటరు దగ్గరే ఆపేయొచ్చు. అప్పటికప్పుడు ఇంకో వీసా తెప్పించుకోవడమంటే 25 డాలర్ల పని వందల డాలర్లకు పోతుంది. దుబాయ్ వెళ్ళేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం: పాస్‌పోర్టులో ఒకే పేరున్న భారతీయులకు టూరిస్టు ప్రవేశం లేదని యూఏఈ 2022 నవంబరులోనే చెప్పేసింది.

ఇక రోజువారీ ఖర్చు. నిజంగా తేడా ఎంతో ఒక ఉదాహరణతో చూడొచ్చు. ఇవి సీజన్‌ను బట్టి మారే ఉజ్జాయింపు అంకెలే. సింగపూర్‌లో నలుగురికి సరిపడే మామూలు మూడు నక్షత్రాల గది రాత్రికి 14 వేలు అనుకుందాం. వియత్నాం మధ్య తీరంలోని డా నాంగ్‌లో, మీ ఖే బీచికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో అలాంటి గది 4 వేలు. తిండికీ ఊళ్ళో తిరగడానికీ సింగపూర్‌లో రోజుకు 7 వేలు, డా నాంగ్‌లో 4 వేలు. అంటే రోజుకు తేడా 13 వేలు. చూడ్డానికి ఘనంగానే ఉంది. కానీ హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు నేరుగా నాలుగున్నర గంటల్లో దిగిపోతారు. డా నాంగ్‌కు హనోయి మీదుగానో, హో చి మిన్ సిటీ మీదుగానో ఇంకో విమానం ఎక్కాలి. దానికి రానూపోనూ మనిషికి 5 వేలు ఎక్కువవుతుందనుకుంటే నలుగురికి 20 వేలు. మూడు రాత్రుల ట్రిప్పులో మిగిలేది 39 వేలు, అందులో ఈ 20 వేలు పోగా 19 వేలు. పైగా రాకపోకల్లో రెండు సగం రోజులు ఎయిర్‌పోర్టుల్లోనే గడిచిపోతాయి. అదే ఏడు రాత్రులైతే 71 వేలు మిగులుతాయి. దసరాకో, లాంగ్ వీకెండ్‌కో మూడు రోజులు మాత్రమే దొరికే ఉద్యోగికి సింగపూర్ అంత తెలివితక్కువ ఎంపికేం కాదు. ఎండాకాలం సెలవుల్లో పది రోజులు ఖాళీ ఉన్న టీచర్ల కుటుంబం సింగపూర్ వెళితే మాత్రం డబ్బు దండగే.

అయితే ఆ 71 వేలను కూడా వచ్చిన దారినే పంపించేసే పద్ధతి ఒకటి మన ప్యాకేజీల్లో ఉంది. ఏడు రాత్రుల్లో హనోయి, హా లాంగ్ బే, డా నాంగ్, హో చి మిన్ సిటీ అన్నీ చూపిస్తామంటారు. వియత్నాం పొడవు సంగతి మ్యాపులో తెలియదు గానీ రైలులో తెలుస్తుంది: హనోయి నుంచి హో చి మిన్ సిటీకి పట్టాల దారి 1,726 కిలోమీటర్లు, ముప్పై గంటల పైనే ప్రయాణం. కాబట్టి విమానాలే దిక్కు. లోపల రెండు విమానాలు, నలుగురికి ఎనిమిది టికెట్లు. ఒక్కోటి 4,500 వేసుకున్నా 36 వేలు. చౌక విమానాల్లో చేతిసంచీ 7 కిలోలు దాటితే లగేజీ రుసుము అదనం. హా లాంగ్‌లో ఒక రాత్రి పడవలో పడుకోవాలంటే కుటుంబానికి ఇంకో 35 వేలు. ఆ మిగులు అక్కడికి సరి. దాంతోపాటు ఏడు రోజుల్లో నాలుగుసార్లు పెట్టె సర్దడం, తెల్లవారుజామున లేచి ఎయిర్‌పోర్టుకు పరుగు, బస్సులో నిద్ర. చౌక దేశానికి వెళ్ళి ఖరీదైన ట్రిప్పు చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

మూడో రకం ఖర్చు, అంటే చూసే వాటి టికెట్లు, దేశం చౌకతనంతో పెద్దగా సంబంధం లేకుండా నడుస్తుంది. రాతి చేతులు పట్టుకున్నట్టుండే బంగారు వంతెన ఫొటో చూడని తెలుగు ఫోను ఉండదేమో. 2018లో తెరిచిన ఆ వంతెన డా నాంగ్ దగ్గరి బా నా కొండల మీద ఉంది. ఆ పైకి వెళ్ళే దాదాపు ఆరు కిలోమీటర్ల కేబుల్ కారుకూ, పైన ఉన్న పార్కుకూ కలిపి పెద్దవాళ్ళ టికెట్టు 9 లక్షల డాంగ్‌ల (వియత్నాం డబ్బు) పైచిలుకు. మన లెక్కలో 3 వేలు దాటుతుంది. పిల్లలకు వయసు కాదు, ఎత్తు కొలుస్తారు. మీటరు లోపు ఉచితం, 140 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్ళ టికెట్టే. నలుగురికి ఈ ఒక్క రోజుకే గది అద్దెకు మూడింతలు అవుతుంది. కంబోడియాలో ఆంగ్‌కోర్ ఆలయాలకు 2017 నుంచి ఒక రోజు పాస్ 37 డాలర్లు, మూడు రోజులకు 62. ఆ గుళ్ళు ఆ ధరకు తగినవే, అందులో వాదన లేదు. కాకపోతే చౌక దేశమని బడ్జెట్ వేసుకుని వెళ్ళినవాళ్ళకు గేటు దగ్గర తెలిసే విషయం ఇది కాకూడదు.

మధ్య వియత్నాంలోనే ఒక్కచోట వారం రోజులు కుదురుగా ఉంటే ట్రిప్పు నిజంగానే చౌకగా సాగుతుంది. డా నాంగ్ ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే ఉంది. గ్రాబ్ యాప్‌లో కారు పిలిస్తే బీచి దగ్గరి హోటల్‌కు మూడు వందల రూపాయల లోపే. బేరం లేదు, మీటరు గొడవ లేదు, ఎంతవుతుందో ఎక్కకముందే తెలుస్తుంది. ముప్పై కిలోమీటర్ల దూరంలో హోయ్ ఆన్. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన పాత రేవు పట్నం, పసుపు గోడల ఇళ్ళు, సాయంత్రమైతే వీధి నిండా రంగుల లాంతర్లు. పాత ఇళ్ళు, సత్రాల్లాంటివి ఐదు చూసేందుకు 1,20,000 డాంగ్‌ల టికెట్టు, అంటే నాలుగు వందల రూపాయలు. నది ఒడ్డున నడవడానికి ఎవరూ ఏమీ అడగరు.

అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు లోపలికి పోతే మీ సోన్. నాలుగో శతాబ్దం నుంచి దాదాపు వెయ్యేళ్ళపాటు, ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు శివుడికి కట్టించిన ఇటుక గుళ్ళు. 1969లో అమెరికా బాంబుల దెబ్బకు చాలా కూలిపోయాయి. మిగిలినవాటిలో కొన్నిటిని నిలబెట్టింది మన భారత పురావస్తు సర్వేక్షణ శాఖే. 2020లో ఆ పనుల్లోనే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. ఆ చుట్టుపక్కల డోంగ్ జువోంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడిని కళాచరిత్రకారులు చాలాకాలం అమరావతి శైలితో పోలుస్తూ వచ్చారు. ఇంతా ఉన్న మీ సోన్ టికెట్టు 1,50,000 డాంగ్‌లు, అంటే ఐదు వందల రూపాయలు. బంగారు వంతెనకు ఎగబడే మన గ్రూపులు దీన్ని ‘టైముంటే చూద్దాం’ జాబితాలో పెట్టడం మాత్రం అర్థం కాని సంగతి.

తిండి విషయంలో శాకాహారులకు వియత్నాం కొంచెం పరీక్షే. కూరగాయల కూరలోనూ చేపల సాసు పడుతుంది, వేశామని చెప్పాలని వాళ్ళకు తోచదు కూడా. ‘చాయ్’ (chay, టీ కాదు, శాకాహారమని అర్థం) అని బోర్డున్న హోటళ్ళలో మాత్రం పూర్తి శాకాహారమే దొరుకుతుంది. బౌద్ధులు అమావాస్యకూ పున్నమికీ మాంసం మానేస్తారు కాబట్టి అలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అన్నం, రెండు మూడు కూరలు, సూపు కలిపి ప్లేటు 40 వేల డాంగ్‌లకు అటూఇటూ, అంటే నూట ముప్పై రూపాయలు. ఇండియన్ రెస్టారెంటుకు వెళ్తే అదే కడుపు నిండటానికి మూడు నాలుగింతలు. వారం రోజులూ రెండు పూటలా పన్నీర్ బటర్ మసాలానే కావాలంటే ఏ దేశమైనా ఖరీదైనదే. ఇంటి నుంచి పులిహోర పేస్టు, కారప్పొడి, ఆవకాయ పట్టుకెళ్ళేవాళ్ళు ఆవకాయను చెకిన్ లగేజీలో పెట్టాలి. నూనె ఉన్న పచ్చడి చేతిసంచీలో ఉంటే సెక్యూరిటీ దగ్గర సీసాతో సహా వదిలేసి రావాలి.

డబ్బు మార్చుకోవడంలో కారిపోయేది కంటికి కనపడదు. మన మామూలు క్రెడిట్ కార్డులు విదేశంలో గీస్తే రెండు నుంచి మూడున్నర శాతం ఫారెక్స్ మార్కప్ (డబ్బు మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము) పడుతుంది, దానిమీద 18 శాతం జీఎస్టీ. బిల్లు రూపాయల్లో కడతారా, డాంగ్‌లలో కడతారా అని మిషను మర్యాదగా అడిగినప్పుడు రూపాయలు నొక్కితే ఇంకొంత ఊడుతుంది. ఎప్పుడూ ఆ దేశపు డబ్బునే ఎంచుకోవాలి. థాయ్‌లాండ్‌లో ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాత్‌లు, కొన్ని ఇంకా ఎక్కువే తీసుకుంటాయి. కాబట్టి వెయ్యీ రెండు వేలూ తీసుకుంటూ పోవడం శుద్ధ నష్టం. వియత్నాంలో ఇంకో చిక్కు సున్నాలది. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలం రంగే. మసక వెలుతురులో కొబ్బరి బోండాల బండి దగ్గర అరవై ఏడు రూపాయలనుకుని పదిహేడు వందలు చేతిలో పెట్టేయడం చాలా తేలిక. 5 లక్షల నోట్లను పర్సులో వేరే అరలో దాచుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ప్యాకేజీ కొనేవాళ్ళకు టీసీఎస్ అనే ఇంకో మెలిక ఉంది. 2023 అక్టోబరు నుంచి విదేశీ టూర్ ప్యాకేజీ మీద ముందుగానే 5 శాతం, ఒక పరిమితి దాటితే 20 శాతం పన్ను వసూలు చేస్తూ వచ్చారు. 2026 బడ్జెట్‌లో దీన్ని పరిమితితో పనిలేకుండా 2 శాతానికి తగ్గిస్తామన్నారు. ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు ఈ సొమ్ము సర్దుబాటు అవుతుంది కాబట్టి ఇది పోయే డబ్బు కాదు. రిటర్ను వేయని పెద్దవాళ్ళ పేరు మీద బుక్ చేస్తే మాత్రం తిరిగి తెచ్చుకోవడానికి ఆ ఏడు రిటర్ను వేయక తప్పదు.

కరెన్సీ పడిపోయిన దేశం కనుక చౌక అనే లెక్క కూడా సగమే నిజం. తుర్కియే లీరా 2021 మధ్యలో డాలరుకు తొమ్మిది లోపు ఉండేది, 2025 చివరికి నలభై దాటింది. ఇస్తాంబుల్ ఇప్పుడు మట్టి చౌకగా దొరకాలి కదా? కానీ ధరలు అంతకంటే వేగంగా పెరిగాయి. 2022లో అధికారిక ద్రవ్యోల్బణమే 80 శాతం దాటింది. పైగా టూరిస్టులు చూసేవాటికి యూరోల్లో ధర పెట్టారు. 2024 జనవరి నుంచి అక్కడి హేగియా సోఫియా మసీదు పైఅంతస్తు చూడాలంటే విదేశీయులు 25 యూరోలు కట్టాలి. శ్రీలంకలో 2022 సంక్షోభం తర్వాత మన రూపాయికి వాళ్ళ రూపాయలు ఎక్కువ వస్తున్న మాట నిజమే, బస్సులోనూ భోజనంలోనూ అది తెలుస్తుంది. సిగిరియా కొండకోట లాంటి చోట్ల విదేశీయుల టికెట్టు మాత్రం డాలర్ల లెక్కే. మనతో సహా సార్క్ (దక్షిణాసియా) దేశాలవాళ్ళకు సగం ధర ఉంటుంది, అడిగి తీసుకోవాలి, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

దీనికి ఎదురు ఉదాహరణ థాయ్‌లాండ్. అక్కడ ధరలు పెద్దగా మారకపోయినా మనకు ఖరీదైంది. 2023లో బాత్‌కు రెండు రూపాయల నలభై పైసలు చిల్లర, 2025 చివరికి రెండు రూపాయల ఎనభై పైసలు దాటింది. రూపాయి బలహీనపడింది, బాత్ బలపడింది. నాలుగేళ్ళ క్రితం వెళ్ళొచ్చిన బావగారు చెప్పిన బడ్జెట్‌తో ఇప్పుడు ఫుకెట్‌లో దిగితే నాలుగో రోజుకే చెయ్యి బిగుసుకుపోతుంది.

దగ్గరున్న దేశమైతే చౌక అనుకోవడం ఇంకో పొరపాటు. భూటాన్‌కు భారతీయులకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డుతోనూ వెళ్ళొచ్చు. కానీ మనిషికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున ఆ ప్రభుత్వం రుసుము తీసుకుంటుంది, ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు సగం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఆరు రాత్రులుంటే ఈ రుసుమే 21,600. అడవుల మీదా కొండల మీదా జనం తాకిడి తగ్గించాలని కావాలనే పెట్టిన ధర అది. వాళ్ళ వైపు నుంచి చూస్తే సబబే. మాల్దీవుల్లో వీసా ఉచితం. రిసార్టు దూరంగా ఉంటే మాత్రం అక్కడికి చేర్చే సీప్లేన్‌కే మనిషికి నాలుగైదు వందల డాలర్లు అవుతుంది. అదే మాఫుషి లాంటి జనం ఉండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుని, మాలే నుంచి స్పీడ్‌బోటులో పోతే అదే సముద్రం మధ్యతరగతి జేబుకు అందుతుంది. ఒకే దేశంలో ఖరీదైన ట్రిప్పూ, చౌక ట్రిప్పూ పక్కపక్కనే ఉండటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఖరీదైన నగరాలనూ అలాగే విడదీసి చూడాలి. సింగపూర్ ప్రపంచంలో అత్యంత ఖరీదైన నగరాల జాబితాల్లో పైనే ఉంటుంది. కానీ అక్కడ మండేది గది, మద్యం, పెద్ద రెస్టారెంటు, థీమ్ పార్కు. మెట్రోలో చాలా చోట్లకు వందా నూటయాభై రూపాయల్లో పోవచ్చు. హాకర్ సెంటర్లో ప్లేటు ఐదారు సింగపూర్ డాలర్లు, లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్‌కు వెళ్తే దోసె కూడా దొరుకుతుంది. గార్డెన్స్ బై ది బే ఆరుబయట తోటలూ, రాత్రి లైట్ల ప్రదర్శనా ఉచితం. ఏసీ రెస్టారెంటు మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే మాత్రం జాగ్రత్తపడాలి. పది శాతం సర్వీసు ఛార్జి, దానిమీద 9 శాతం జీఎస్టీ కలిసి వంద డాలర్ల బిల్లు నూట ఇరవై అవుతుంది. దుబాయ్‌లో మే నుంచి ఆగస్టు దాకా హోటళ్ళ ధరలు బాగా పడతాయి. మన ఎండాకాలం సెలవులకు సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది గానీ, విజయవాడ ఎండ నుంచి తప్పించుకోవడానికి దుబాయ్ ఎండలోకి పోవడంలో అర్థమేమిటో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. ఇక డాలస్‌లోనో, లండన్‌లోనో కూతురూ అల్లుడూ ఉన్న తల్లిదండ్రులకు ఈ లెక్కలేవీ వర్తించవు. గది అద్దె సున్నా, తిండి ఇంటి వంట. వాళ్ళకు లండన్ కంటే బ్యాంకాకే ఖరీదు పడొచ్చు.

చౌకలో దాగిన ఖరీదు ఒకటి చెప్పుకోకపోతే లాభం లేదు. డా నాంగ్‌లో, హోయ్ ఆన్‌లో రోజుకు నాలుగైదు వందల రూపాయలకు స్కూటర్ అద్దెకిస్తారు, లైసెన్సు కూడా అడగరు. మన ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం పర్మిట్‌ను. అంటే ఇక్కడి పర్మిట్ అక్కడ చెల్లదు. పోలీసులు ఆపితే జరిమానాతో పోతుంది. యాక్సిడెంట్ అయితే, చెల్లని లైసెన్సుతో బండి నడిపారన్న కారణంతో ట్రావెల్ ఇన్సూరెన్సు క్లెయిమ్ తోసిపుచ్చే వీలుంటుంది. కాలు విరిగి విదేశీ ఆసుపత్రిలో పడుకున్నాక వారం రోజుల్లో మిగిల్చిన 71 వేలు ఏ మూలకూ రావు. గ్రాబ్ కారే మేలు.

చివరగా కాలం. మన సెలవులు ఎప్పుడొస్తాయో ఆ దేశాల వానలకు తెలియదు. డా నాంగ్, హోయ్ ఆన్‌లకు ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా పొడి కాలం, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలు, అందులోనూ అక్టోబరు, నవంబరు మరీ దారుణం. 2025 అక్టోబరు చివర్లో హోయ్ ఆన్ పాత పట్నం వీధుల్లో పడవలు తిరిగాయి. దసరా, దీపావళి సెలవులకు డా నాంగ్ ప్యాకేజీ సగం ధరకు దొరికితే దానికి కారణం ఏజెంటు మంచితనం కాదు. మే నెల మాత్రం మనకు బాగా కలిసొస్తుంది. అక్కడా ఎండే, కానీ ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీలు, ఎదురుగా సముద్రం. ఒక్క చిక్కు ఏప్రిల్ 30, మే 1. 1975లో యుద్ధం ముగిసిన రోజూ, కార్మిక దినమూ కలిసి వియత్నామీయులకు అది పెద్ద సెలవు, డా నాంగ్ బీచి అంతా వాళ్ళతోనే నిండిపోతుంది, గదుల ధరలు ఎగిరిపోతాయి. మే మొదటి వారం దాటాక వెళ్ళడం మంచిది.

దసరాకే వెళ్ళాలనుకునేవాళ్ళకు బాలి నయం, అక్కడ అక్టోబరు దాకా పొడి కాలమే. వీసా ఆన్ అరైవల్ 5 లక్షల ఇండోనేసియా రుపయాలు, బాలి రుసుము ఇంకో లక్షా యాభై వేలు. నలుగురికి కలిపి మన డబ్బులో 14 వేలు ముందే పక్కన పెట్టుకోవాలి. సంక్రాంతికి శ్రీలంక దక్షిణ తీరం బాగుంటుంది. గాలే, మిరిస్సా వైపు డిసెంబరు నుంచి మార్చి దాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా యూరప్ వాళ్ళ రద్దీకి రెట్టింపు పలికిన గదులు భోగి నాటికి మళ్ళీ నేల మీదకు దిగుతాయి, డిసెంబరు 28న బుక్ చేసుకున్నవాళ్ళు కట్టిన ధరలో సగానికే ఒక్కోసారి దొరుకుతాయి.